రెండు నల్ల విండోలు

తమ్ముడి లాప్‌టాప్ ఫ్యాన్ మోత వంటింటి దాకా వినిపిస్తోంది. అక్క కుర్చీలోంచి లేచింది, కిటికీ దాకా వెళ్ళింది, బయట చూడాల్సిందేమీ లేక తిరిగొచ్చి కూర్చుంది. తమ్ముడు పోయినప్పటినుంచి ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. పని ఉంటే ఆ పని. లేకపోతే అయిపోయిన పనే మళ్ళీ.

ఇవాళ్టి పని మాత్రం నిజంగా ఉన్నదే. తమ్ముడు వినికిడి లేని పిల్లల బడిలో పాఠాలు చెప్పేవాడు. తనంతట తాను నేర్చుకుని సైగల నిఘంటువొకటి వెబ్‌సైట్‌గా కట్టాడు. మాట టైపు చేస్తే, దానికి సైగ చేసి చూపించే వీడియో వస్తుంది. పిల్లలతో ఇంట్లో మాట్లాడటం తల్లిదండ్రులు దాన్ని చూసే నేర్చుకుంటున్నారు. అదంతా ఈ పాత లాప్‌టాప్ మీదే నడుస్తోంది. ఇది ఏ క్షణాన మొరాయిస్తుందో తెలియదు. ఈలోగా అంతా మరదలి కొత్త లాప్‌టాప్‌లోకి చేరాలి. ఇకనుంచి సైటు చూసుకునేది ఆమే.

"ఉన్నదున్నట్టు ఎత్తి ఇందులో పెట్టేస్తే సరిపోదా వదినా?" అంది మరదలు.

"నీ మొగుడు కట్టింది ఎత్తితే వచ్చే రకం కాదే పిల్లా. ఏ మేకు పీకితే ఏ గోడ కూలుతుందో. ఏమన్నా అడిగితే, 'నా దాంట్లో బాగానే నడుస్తోందక్కా' అనేవాడు."

"నాతోనూ అంతే. కుళాయి కారుతోందయ్యా అంటే, 'నేను కట్టేస్తే కారట్లేదే' అనేవాడు."

ఇద్దరూ నవ్వబోయి ఆగారు.

అందుకే కంటైనర్లు. ఆఫీసులో అక్క రోజూ చేసే పనే. కంటికి కనిపించే పేజీలు ఒక పెట్టెలో, వెనక పనిచేసే సర్వర్ ఇంకో పెట్టెలో, మాటలన్నీ దాచే డేటాబేస్ మరో పెట్టెలో. దేనికి కావలసిన సరంజామా దానిలోనే ఉంటుంది కాబట్టి ఏ కంప్యూటర్ మీద పెట్టినా ఒకేలా నడుస్తాయి. తమ్ముడు కూడా, అక్క పోరు పడలేక, డేటాబేస్‌ని మాత్రం కంటైనర్‌లో పెట్టాడు. అందులోని మాటల్ని పొద్దున్నే ఆమె కాపీ తీసింది. వీడియోల ఫోల్డరు అంతకుముందే కొత్త లాప్‌టాప్‌లోకి చేరింది.

పెట్టెలు నడిచాయి. పేజీ తెరుచుకుంది. ఏ మాట కొట్టినా "దొరకలేదు" అంటోంది.

ఆపింది. మళ్ళీ మొదలుపెట్టింది. దొరకలేదు. లేచి మంచినీళ్ళు పట్టుకుంది, తాగకుండానే గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చింది. అప్పుడు తట్టింది.

"మొదటిసారి కాపీని వేరే చోట పెట్టాను. డేటాబేస్ వట్టి చేతులతో లేచి, తన గది తాను సర్దేసుకుంది. అది కాపీని చదివేది గది కొత్తగా కట్టుకునేటప్పుడే. ఇప్పుడెంత మొత్తుకున్నా 'నా గది సర్దే ఉందిగా' అంటోంది. ఆ గదిని తుడిచేసి మళ్ళీ లేపాలి."

"గదిలో ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదాన్ని తుడవడానికి ఈ పచార్లేంటి వదినా? నువ్వు కాస్త కూర్చుంటే నాకు తల తిరగడం తగ్గుతుంది."

అక్క కూర్చోలేదు. నిలబడే వంగి, అలవాటైన ఆదేశం గబగబా కొట్టింది.

పక్కనున్న పాత లాప్‌టాప్ ఫ్యాన్ మోత ఆగింది.

ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమయ్యేసరికి ఆమె చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి. తెర మీద ఆదేశాలు కొట్టే నల్ల విండోలు రెండున్నాయి. ఒకటి ఈ కొత్త లాప్‌టాప్‌ది. రెండోది, కాపీ కోసం పొద్దున తమ్ముడి లాప్‌టాప్‌లోకి తెరిచింది. మూయడం మర్చిపోయింది. ఆదేశం అందులో పడింది.

"ఏమైంది వదినా?"

"వాడిది తుడిచేశాను."

మరదలు పాత లాప్‌టాప్ వైపు చూసింది. తర్వాత, "కాపీ ఉందన్నావుగా," అంది.

ఉంది. ఇప్పుడు అదొక్కటే ఉంది. ఆ డిస్కులో చెరిపింది వెనక్కి రాదని అక్కకు తెలుసు. రెండో విండో మూసేసింది. ఇప్పుడు తుడవబోయేది ఏ యంత్రంలోదో పేరు పైకి చదివి, మరదలి చేత కూడా చదివించి, అప్పుడు కొట్టింది. తెర మీద వరసలు పరిగెత్తాయి. పేజీ తెరుచుకుంది.

మరదలు "ఆకలి" అని కొట్టింది. వీడియోలో తమ్ముడు వచ్చాడు. ఇద్దరూ అతని చేతుల్నే చూశారు.

"అమ్మయ్య," అంది మరదలు. ఇంకో పేజీ నొక్కింది. "ఇదేంటి, ఇంకా తయారవుతున్న సైగలు ఇక్కడుండాలిగా? వీడియో తీయకముందు చెయ్యి ఎలా తిప్పాలో ఇందులోనే రాసుకునేవాడు."

అక్క కాపీ ఫైలు తెరిచి చూసింది. చూడకముందే తెలిసిపోయింది. ఆఫీసులో 'టెంప్' అని, అంటే తాత్కాలికమని, పేరున్న పట్టికల్ని ఎవరూ కాపీలో కలపరు. అవి చెత్తని లెక్క. తమ్ముడు ఈ సైగల్ని దాచిన పట్టిక పేరూ అదే; పొద్దున ఆమె చెయ్యి అలవాటు కొద్దీ దాన్ని వదిలేసింది.

"దానికి టెంప్ అని పేరు పెడతాడా ఎవడైనా? బుద్ధుందా వీడికి?" గొంతు పెరిగింది. గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది.

"తిట్టు వదినా. నేనూ రోజూ తిడుతూనే ఉన్నా."

"అయ్యో పిల్లా, నేనే పోగొట్టానే."

"సరే. ఇటొచ్చి కూర్చో, రాసుకో." మరదలు చీర కొంగు దోపుకుని కుర్చీ వెనక్కి జరిపింది. "మొహమాటం. అరచెయ్యి ఇలా అడ్డం పెట్టి, వేళ్ళు మాత్రం ముందుకొస్తాయి. వద్దంటూ అడగడం అన్నమాట. అన్నం దగ్గర నా మీదే చేసి చూసేవాడు."

అక్క కూర్చుంది. రాసింది.

"అలక. మోచెయ్యి ముందుకి, మొహం పక్కకి. ఇది నన్ను చూసి కట్టిందే. ఎందుకు నవ్వుతున్నావు?"

"నవ్వట్లేదే. మోచెయ్యి కుడిదా, ఎడమదా?"

అలా చాలా మాటలు వచ్చాయి. కొన్నిటికి మరదలు సగం చేసి, కాదని తల ఊపి, మొదటినుంచి చేసింది. "బెంగ" దగ్గర చెయ్యి ఎత్తి ఆగిపోయింది.

"ఇది చూపించలేదు. ఇంకా కుదరలేదన్నాడు."

"వదిలేద్దామా?"

"వద్దు. మాట ఉంచు."

అక్క మాట రాసి, కింద చోటు ఖాళీగా ఉంచింది. ఏ పట్టికనూ వదలకుండా కాపీ మొదలుపెట్టి, లేచి నిలబడింది. మరదలు తెరవైపు చూడటం లేదు. చెయ్యి గాల్లోకి లేపి, దించి, కొంచెం తిప్పి మళ్ళీ లేపుతోంది.