బొగ్గు జల్లించే చోటు

ఉచ్చీరప్ప చొక్కాను బండకేసి ఎంత బాదినా నల్లనీళ్ళు రావడం ఆగదు. ఆదోని పత్తి మిల్లులో బాయిలరు మంట చూసేది అతను. ఆ మంటకు బొగ్గు జల్లించి మోసేది అతని పెళ్ళాం తిప్పమ్మ. ఇద్దరి బట్టలూ ఉతికేది మాత్రం ఆమె ఒక్కతే. గొంతులో దుమ్ము దిగిపోవాలని మిల్లులో మగవాళ్ళకు రోజూ బెల్లంముక్క ఇస్తారు. జల్లెడ పట్టే ఆడవాళ్ళకు ఇవ్వరు. ఒకసారి ఆ మాట ఎత్తితే మొగుడు నవ్వాడు. "ఆరుబయట కూసోని జల్లించేదానికి బెల్లమేందే? మంట కాడ నిలబడేది నేను గదా."

ఆరుబయటే. గాలి ఎటు తిరిగినా ఆ దుమ్మంతా ఆమె మొహానికే. కర్నూలు రాజధాని అయిన ఏడాదే చేరింది ఆ పనిలో. ఇప్పుడు ఉమ్మితే నలుపు, ఆ నలుపులో ఎర్రటి చార. చూసి అత్త హనుమంతమ్మే ఆసుపత్రికి పొమ్మంది. ప్రేమ కొద్దీ కాదు. జబ్బుపడిన మనిషి చోటు సొంత కూతురికి ఇవ్వడం మిల్లులో ఆనవాయితీ. "నీకు సేతగాదంటే సెప్పు, ముత్తమ్మను పంపుదాం. వచ్చే కూలి పోగొట్టుకుంటామా?" అంది. తిప్పమ్మ కూతురు ముత్తమ్మకు ఇంకా పదేళ్ళే.

డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. "ఒళ్ళంతా కంటికి కనపడని కణాలమ్మా. పాతవి పోతూ కొత్తవి పుడుతుంటాయి. ఎలా పుట్టాలో ప్రతి కణంలోనూ ఒక నమూనా ఉంటుంది. బొగ్గుదుమ్ము నీ ఊపిరితిత్తుల్లో కణాలను చంపుతోంది. నమూనాను కూడా చెరుపుతుందేమోనని నా అనుమానం. ఇంకా ఎవరికీ సరిగా తెలియదు."

తిప్పమ్మ ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి పిల్ల. పడుగులో ఒక్క పోగు తప్పితే ఆ పడుగు అయిపోయేదాకా గుడ్డంతా తప్పేనని తెలుసు. "పని మానుకుంటే పోతుందా అమ్మా?"

"లోపలికి పోయింది రాదు. ఇకమీద పోకుండా ఉంటుంది. ఈరోజే మానెయ్యి."

"అదే దుమ్ము ఎదిగే బిడ్డ పీలిస్తే?"

"ఇంకా చెడ్డది," అంది డాక్టరమ్మ.

తిప్పమ్మ ఇంటిదారి పట్టింది. తను బతుకుతుందా అని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. జల్లెడ ఎవరు పడతారనే అడుగుతారు. తను మానుకుంటే తెల్లారేసరికి ముత్తమ్మ ఆ బొగ్గుకుప్ప ముందు ఉంటుంది. జబ్బని చెప్పినా అంతే. బిడ్డను తన పుట్టింటికి పంపుదామంటే అన్న మగ్గమే మూలబడింది. ఎటు తిరిగినా దారి లేదని ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని గడప దాటింది.

లోపల ఉచ్చీరప్ప రొట్టె తింటున్నాడు. హనుమంతమ్మ మనవరాలిని ముందు కూర్చోబెట్టుకుని, తలకు దుమ్ముగుడ్డ ఎలా కట్టుకోవాలో నేర్పిస్తోంది. "ఏమన్నెనే డాక్టరమ్మ?"

గొంతులోకి ఎగదన్నిన దగ్గును తిప్పమ్మ మింగేసింది. కూతురి తలమీది గుడ్డ విప్పి తన తలకు చుట్టుకుంది.

"నాకే రోగమూ లేదంట అత్తా. సచ్చేదాకా ఆ సోటు నాదే."