వదిన గడియారం మీద తెల్ల మచ్చలు

నీళ్ళు మంచివో కావో తేల్చడమే ఆ ఆడపడుచు ఉద్యోగం. నీటి పరీక్షల ల్యాబ్‌లో ఏడేళ్ళుగా పనిచేస్తోంది. కుళాయి నీళ్ళలో సున్నం ఎంతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తుంది. అంతటి మనిషి ఆ సున్నపు నీళ్ళనే వదిన గడియారం గొలుసు మీద ఎండనిచ్చింది. కంచే చేను మేయడమంటే ఇదే మరి!

పదేళ్ళ కాపురానికి గుర్తుగా మొగుడు కొనిచ్చిన ఖరీదైన స్టీలు గడియారం అది. వదినకు ప్రాణం. ఆ రోజు ల్యాబ్‌కు పెద్ద అధికారులు తనిఖీకి వస్తున్నారు, వాళ్ళ ముందు పరీక్ష చేసి చూపించాలి. బోసి చేత్తో ఏం బాగుంటుందని పొద్దున్నే వదిన బల్ల మీంచి దాన్ని తీసి తను పెట్టుకుంది. అడగలేదు. అడగాలంటే మాట్లాడాలి కదా! ఇద్దరికీ మూడు వారాలుగా మాటల్లేవు. వదిన టీ తెచ్చిస్తే, చుట్టాల ముందు "టీ మీద ఈ తెట్టేమిటి?" అంది ఈవిడగారు. తప్పు నీళ్ళదని చెప్పేలోపే వదిన మొహం మాడ్చుకుని లోపలికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఒకరి కబురు ఒకరికి మోయలేక అన్నయ్య నడుం వంగిపోయింది.

తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. గాజు సామాను కడిగేటప్పుడు గడియారం తియ్యడమే మరిచిపోయింది. ఇంటికొచ్చి చూసుకుంటే గొలుసు నిండా తెల్లటి మచ్చలు. ఐదింటికి వదిన వస్తుంది, గడియారం పెట్టుకుని విందుకు వెళుతుంది. ఇది చూసిందంటే మూడు వారాల మౌనం మూడేళ్ళు సాగుతుంది. పైకి బింకమే గానీ, వదిన గొంతు వినపడని ఇల్లు ఆమెకు అస్సలు బాగోలేదు.

గిన్నెలో వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపింది. గడియారం ముంచలేదు, అంత తెలివితక్కువది కాదు. గుడ్డ తడిపి గొలుసుకు మాత్రమే చుట్టి పది నిమిషాలు ఉంచింది. మెత్తటి బ్రష్‌తో లంకెల సందుల్లో రుద్దింది. ల్యాబ్ నుంచి తెచ్చుకున్న, సున్నం ఊసే లేని డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, పొడిగుడ్డతో తడి అద్దింది. గొలుసు తళతళా మెరిసింది. గడియారాన్ని బల్ల మీద యథాస్థానంలో పెట్టి, హమ్మయ్య అనుకుని మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి వదిన వంటింట్లో సింకు దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఆ గిన్నె. గిన్నెకో చీటీ.

ల్యాబ్‌లో చీటీ అంటించని గిన్నె ఉండదు. ఏడేళ్ళ అలవాటు, కంగారులోనూ చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

వదిన పైకే చదివింది. "నమూనా: వదిన గడియారం. ఎలా వచ్చింది: అడక్కుండా తెచ్చాను. మందు: వెనిగర్ ఒక పాలు, నీళ్ళు ఒక పాలు. పరీక్షించినవారు..." కింద సంతకం కూడా ఉంది.

"ఎవరైనా దొంగతనం చేసి సంతకం పెడతారా?"

ఆడపడుచు గిన్నె లాక్కోబోయింది, వదిన వెనక్కి తీసుకుంది.

"మూడు వారాలుగా మీ అన్నయ్య దగ్గర నన్ను ఆవిడా, ఆవిడా అంటున్నావట." అంది వదిన. "మరి ఇక్కడ వదిన అని ఎందుకు రాశావ్?"

"చీటీ మీద అబద్ధం రాయకూడదు వదినా."

వదిన గిన్నె సింకు పక్కన పెట్టింది. తర్వాత బల్ల మీంచి గడియారం తెచ్చి చెయ్యి చాపింది.

"పెట్టు. మచ్చ ఒక్కటి కనిపించిందా, నీ ఉద్యోగం ఊడబీకిస్తాను."

కొక్కెం నొక్కుతుంటే ఆడపడుచుకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.