పద్నాలుగో రోజు కణాలు

"అమ్మకి పొద్దున్నుంచి కళ్ళు తిరుగుతున్నాయట. ఇవాళ ఆగిపోరాదూ?" అన్నారు మా ఆయన, నేను గిన్నెలు తోముతుంటే. ఆయనకి సెలవే. "నేనుంటాననుకో, కానీ ఆడమనిషి ఉన్నట్టుండదుగా. నీ కణాలెక్కడికి పోతాయి?"

పోతాయి. అదే నా భయం. ఎముక మజ్జలో పుట్టిన పసికణం టి సెల్ అనే రక్షణకణంగా ఎదగాలంటే, ఏ జన్యువు పని చెయ్యాలో ఏది నోరు మూసుకోవాలో చెప్పే ప్రోటీన్ ఒకటుండాలి. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అంటాం. ఎలుక కణాల్లో అది లేకుండా చేసి పెంచుతున్నాను. పద్నాలుగో రోజున తీసి చూడాలి. ఇవాళే. పోయినసారి ఇలాగే ఫోనొస్తే గ్లవ్స్ విప్పేసి ఇంటికి పరిగెత్తాను. చుట్టాలొచ్చారు, అంతే. కణాలు చచ్చాయి. మా ల్యాబ్ సార్ జాలిగా, "ఇంటి బాధ్యతలుంటాయిలెండమ్మా. ఈసారీ కుదరకపోతే ఈ పని మీ పక్క బల్ల దగ్గరాయనకి ఇచ్చేద్దాం" అన్నారు.

అత్తయ్యకి బీపీ చూశాను. బాగానే ఉంది. "వెళ్ళిరా, నాకేం కాదు" అందావిడ. అయినా బస్సులో కూర్చున్నంతసేపూ ఫోన్ తీసి చూసుకుంటూనే ఉన్నాను.

కణాల్ని గొట్టాల్లోకి తీసి రంగు కలిపానో లేదో, జేబులో ఫోన్ వణకడం మొదలెట్టింది. ఆగింది. మళ్ళీ. అత్తయ్య పడిపోయిందేమో. స్నానాలగదిలో, తల గోడకి తగిలి... రేపు ఎవరెవరు ఏమంటారో వరసగా వినపడుతోంది. ఎలుకల కోసం మనిషిని చంపుకుందంటారు. చెమటకి గ్లవ్స్ చేతులకి అంటుకుపోయాయి. విప్పితే పద్నాలుగు రోజులూ మట్టిపాలు. విప్పకపోతే? ఇంట్లో ఆయనున్నారు కదా, ఆవిడ కన్నకొడుకు, అంబులెన్స్ నంబరు తెలిసిన మనిషి, అని నాకు నేనే చెప్పుకుంటూ గొట్టాల్ని ఏ కణం ఏ రకమో తేల్చే యంత్రంలో పెట్టాను.

తెరమీద కణానికొకటి చొప్పున చుక్కలు పడ్డాయి. ఆ ప్రోటీన్ లేకపోతే కణాలు బతకవని సార్ నమ్మకం. బతికాయి. టి సెల్స్ కాలేదు గానీ, నూటికి అరవై మరోరకం రక్షణకణాలుగా మారాయి. మూడుసార్లు చూసుకున్నాను. అప్పుడు గ్లవ్స్ విప్పి ఫోన్ తీశాను. పదకొండు కాల్స్. కింద ఒక మెసేజ్.

"అమ్మ కాఫీ అడుగుతోంది. పంచదార డబ్బా ఎక్కడ పెట్టావ్?"

కుర్చీలో కూలబడ్డాను. వచ్చేది నవ్వో ఏడుపో తెలీలేదు. ఈలోగా మళ్ళీ మోగింది.

"ఇన్నిసార్లు చేస్తే ఎత్తవేం? డబ్బా ఎక్కడుంది?"

"వెతుక్కోండి" అని పెట్టేసి, ఫలితాల పుస్తకం తెరిచి, ఇవాళ్టి తారీఖు వేసి, కింద నా పేరు రాశాను.