శుక్రవారం సాక్ష్యం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా సంఘంలో అందరికీ తెలుసు. అందుకే ఈస్టరు పండుగ ముందొచ్చే ఈ నలభై శ్రమదినాల్లో కోపం మానేస్తానని తీర్మానం చేసుకుంటే పాస్టరమ్మగారు పకపకా నవ్వారు. "ముందు అన్నం మానెయ్యమ్మా, నీకు అదే తేలిక" అన్నారు.

ఆవిడ ఏ నోటితో అన్నారో గానీ, అదే జరిగింది. నేతమిల్లు మూతపడి నాలుగు నెలలైంది. మిల్లువాళ్ళే నాకు కుట్టుపని ఇచ్చేవాళ్ళు కాబట్టి నా మిషను కూడా మూలపడింది. ఒక పూట తిని, రెండో పూటకి ఉపవాసమని చెప్పుకుంటున్నాను. చెప్పుకోవడానికి ఎంత గౌరవంగా ఉందో!

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. శ్రమదినాల్లో మానేసిన పూటకి అయ్యే గింజల్ని సంచిలో కట్టి శుక్రవారం ప్రార్థనకి తెస్తారు. అన్నీ కలిపి వంతెన అవతలి వృద్ధుల ఆశ్రమానికి పంపుతాం. ఎవరు ఎంత తెచ్చారో ఎవరికీ తెలియకూడదని ఒకే గుడ్డతో, ఒకే కొలతతో ఆ సంచులన్నీ నేనే కుడతాను. గుమ్మం పక్కనున్న చెక్కపెట్టెలో వేసి లోపలికి వచ్చేస్తారు. పెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది.

రెండో శుక్రవారం గింజలు డబ్బాల్లో పోస్తున్నాను. ఒక సంచి ముడి ఎంతకీ ఊడిరాలేదు. విసుగొచ్చి కత్తెరతో తాడు కోసి బోర్లించాను. బొళ్ళున ఇసుక పడింది.

దేవుడి పెట్టెలో ఇసుకా! నేను కడుపు మాడ్చుకుని గింజలు తెస్తుంటే, ఎవడో కాలవగట్టు తవ్వి తెచ్చి పోస్తాడా? ఒళ్ళు భగ్గున మండింది. ఆదివారం ఆరాధన అవగానే లేచాను.

"వచ్చే శుక్రవారం ఎవరి సంచి వాళ్ళే బల్ల మీద పెట్టండి. అందరి ముందూ నేనే విప్పుతాను. ఎవరి భక్తి ఎంతో అప్పుడు తేలుతుంది."

"అమ్మా, నెమ్మది, నెమ్మది" అంటూనే ఉన్నారు పాస్టరుగారు. నేను వింటేగా! కోపం మానేసిన మనిషిని కదా.

గురువారం ఉదయం ఆ సంచిని బాగుచేద్దామని తీశాను. కోసిన తాడుకి ముడి అలాగే ఉంది. అప్పుడు చూశాను దాన్ని. తెగిన పోగుని మగ్గం మీద అతికే ముడి అది. మామూలుగా కుడి వైపుకి తిప్పి వేస్తారు. మా నాన్నది ఎడమచేతి వాటం కాబట్టి తిరగేసి వేసేవాడు. ఆ తిరగేసిన ముడి ఆయన నేర్పింది ఇద్దరికే. ఒకరు నేను, రెండోవాడు మా తమ్ముడు.

తమ్ముడిది మిల్లు పనే. వాడి భార్యకి ఏడో నెల. ఎప్పుడు ఏం పెట్టబోయినా "ఆకలి లేదు వదినా, ఉపవాసం" అనేది. కడుపుతో ఉన్నా ఉపవాసం మానలేదు, మా మరదలి భక్తి చూడండని ఊరంతా టముకు వేసింది నేనే. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇంట్లో ఉన్న కాస్త పిండీ మూటగట్టుకుని వాళ్ళింటికి పరిగెత్తాను. పొయ్యి మీద గిన్నె లేదు. బూడిద ఎప్పుడో చల్లారిపోయింది. తాడుముక్క చూపించగానే తమ్ముడు తల దించుకున్నాడు.

"అందరూ సంచులు వేస్తుంటే ఖాళీ చేతుల్తో గుమ్మం దాటడానికి సిగ్గేసిందక్కా."

"సిగ్గా? నాతో చెప్పడానికి నోరు పడిపోయిందా నీకు?"

"చెబితే నీ నోటి దగ్గరది తీసి మాకు పెడతావు. నీకు మాత్రం ఎక్కడుంది?"

మరదలు మూట వంక చూసి, కడుపు మీద చెయ్యేసుకుని, "ఆకలి లేదు వదినా" అంది.

"రేపు నేనే లేచి ఒప్పుకుంటాను. ఆ తర్వాత మాత్రం చర్చి గడప తొక్కను. నువ్వు రమ్మని బతిమాలకు" అన్నాడు తమ్ముడు. వాడు ఒట్టి మొండిఘటం. అన్నాడంటే చేస్తాడు. వాణ్ణి ఆ గడపకి దూరం చేసేది నా నోరే. మూట అక్కడే వదిలి ఏడుస్తూ వచ్చేశాను.

శుక్రవారం మధ్యాహ్నం బల్ల నిండా సంచులు పేర్చారు. నా చేతిలో కత్తెర ఉంది. తమ్ముడు వెనక బెంచీలో ఖాళీ సంచి మడిచి పట్టుకుని కూర్చున్నాడు. దేవుడు తమకి చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాలు మొదలయ్యాయి. వడ్రంగి లేచి, పదిహేడు రోజులుగా ఉపవాసముండే బలమిచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెల్లించాడు. ఆ తర్వాత అందరూ నా వైపు తిరిగారు. తమ్ముడు లేవబోయాడు.

"కూర్చోరా!" అని గద్దించి కత్తెర బల్ల మీద పడేశాను. "నాదీ ఒక సాక్ష్యం ఉంది. పాస్టరుగారూ, నాకు ఆకలేస్తోంది."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"ఉపవాసం కాదండీ, ఆకలి. ఇంట్లో లేక తినడం లేదు. దానికి ఉపవాసమని పేరు పెట్టుకుని మీ ముందు గొప్పగా తిరుగుతున్నాను. అలాంటిదాన్ని మీ సంచులు విప్పుతానన్నాను. నన్ను క్షమించండి."

అప్పుడు గంట కొట్టే తాత కర్ర పట్టుకుని లేచాడు.

"నాకూ ఆకలేనమ్మా. నిన్నటినుంచి మంచినీళ్ళ మీదే ఉన్నా. ఇవాళ గంట తాడు నేను లాగానో, అదే నన్ను లాగిందో తెలీదు."

ఎవరో కిసుక్కుమన్నారు. వడ్రంగి మళ్ళీ లేచి, తల గోక్కుంటూ, "నా సాక్ష్యం వెనక్కి తీసుకుంటానండీ" అన్నాడు. దాంతో చర్చంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఒక్కొక్కరూ చెప్పుకోవడం మొదలుపెట్టారు. పాస్టరమ్మగారు కూడా కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "మా ఇంట్లోనూ అంతే" అన్నారు.

తమ్ముడు లేచాడు. "పోయిన వారం ఇసుక పోసింది నేనేనండీ."

"ఇసుక ఎత్తుకునే ఓపికన్నా ఉంది నీకు" అన్నాడు తాత. "నేను ఉత్త చెయ్యి పెట్టెలో పెట్టి తీశాను."

ఇక వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. పక్కనున్న ముసలమ్మ వాడి భుజం తట్టి కూర్చోబెట్టింది. పాస్టరుగారు సంచుల్లో సగం ఆశ్రమానికి పక్కన పెట్టించారు. మిగతా సగం చర్చి వెనక పెద్ద గిన్నెలో కలిపి ఉడికించాం. "పండుగ దాకా రోజూ ఇదే పొయ్యి. ఉన్నవాళ్ళు గింజలు తెస్తారు, లేనివాళ్ళు ఆకలితో వస్తారు. ఇక్కడ ఎవరూ ఎవరినీ అడగొద్దు" అన్నారాయన. అబ్బ, గుండెల మీద నుంచి ఎంత బరువు దిగిందో!

మరదలు గోడవార కూర్చుని తింటోంది. పళ్ళెం ఖాళీ అవగానే చాలంటుందని నాకు తెలుసు. ఈసారి ఊరుకునేది లేదని గరిటె పట్టుకుని, తగాదాకి సిద్ధపడే వెళ్ళాను. అది తలెత్తి పళ్ళెం నా ముందుకి చాపింది.

"వదినా, నాకింకా ఆకలేస్తోంది" అంది, అందరికీ వినపడేలా.