లంకలో మిగిలినవాడు

ఏటిగట్టు మీద తన సంఘాన్ని లెక్కపెట్టుకుంటుంటే పాస్టరు రాజ్ కుమార్‌కి ఒకరు తక్కువొచ్చారు. ఏటి మధ్యనున్న లంక ఖాళీ చేసి అందరూ వచ్చారు, చిట్టియ్య తప్ప.

"వెనక పడవలో వస్తానన్నాడండి," అంది జ్ఞానమ్మ, తడిసిన చెంగు పిండుకుంటూ. "మేమొచ్చిందే ఆఖరిదని తెలీదేమో."

వరద ఎర్రగా సుడులు తిరుగుతోంది. అరటితోటల్లో ఆకుల కొసలే కనబడుతున్నాయి. రెస్క్యూ బోట్లన్నీ ఎగువ లంకలకి పోయాయి. ఉన్నది పెదబాబు ఇంజను పడవొక్కటే.

"ఇప్పుడు పాయ దాటితే తిరగబడిపోద్దండి అయ్యగారూ," అన్నాడు పెదబాబు.

చిట్టియ్య చర్చి గడప తొక్కి రెండేళ్ళయింది. ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. అతన్ని వదిలేసినా ఎవరూ ఏమీ అనరు. ఆ సంగతి తట్టగానే రాజ్ కుమార్‌కి తనంటేనే భయం వేసింది. తప్పిపోయిన గొర్రె కోసం వెళ్ళిన కాపరి గురించి ఎన్ని ఆదివారాలు చెప్పాడో! ఆ కాపరికి కాళ్ళు వణికాయేమోనని ఏనాడూ ఆలోచించలేదు.

"మీకు ఈత రాదు," అంది భార్య రెబెక్కా, చెయ్యి గట్టిగా పట్టుకుని. "ఇక్కడున్న వాళ్ళకి మీరు అక్కర్లేదా?"

"వీళ్ళకి నువ్వున్నావు," అని చెయ్యి విడిపించుకుని పడవెక్కాడు. పెదబాబు గొణుక్కుంటూనే ఇంజను తాడు లాగాడు.

నడి పాయలో కొట్టుకొచ్చిన మాను ఒకటి పడవని రాసుకుంటూ పోయింది. పెదబాబు పడవని పక్కకి మళ్ళించాడు.

చిట్టియ్య తన పెంకుటింటి కప్పు మీద చూలు మేకని కౌగిలించుకుని కూర్చున్నాడు.

"దీన్నొదిలి నేను రాను."

"మనుషులకే దిక్కు లేదు, మేకేంటి!" అని అరిచాడు పెదబాబు.

"మా ఆవిడ దీనమ్మ పెంచుకుందిరా." చిట్టియ్య పాస్టరు వైపు తిరిగాడు. "అది పోయేరోజు మిమ్మల్ని చూడాలందండి. కబురంపాను. మీరు రాలేదు."

ఆ రోజు రాజమండ్రిలో మీటింగు. ఆ మాట నోటిదాకా వచ్చింది. రాజ్ కుమార్ మింగేశాడు.

"రావాల్సింది. రాలేదు. ముందు మేకని ఇలా ఇవ్వండి చిట్టియ్య గారూ."

మేక గింజుకుంది. పడవ ఒరిగి నీళ్ళు లోపలికొచ్చాయి. చిట్టియ్య దిగబోతుంటే కాలి కింద పెంకులు జారాయి, మనిషి పీకదాకా నీళ్ళలో మునిగాడు. రాజ్ కుమార్ బోర్లా పడుకుని చొక్కా కాలరు దొరకబుచ్చుకున్నాడు. చొక్కా చిరుగుతోంది. రెండో చేత్తో జబ్బ పట్టుకుని, ఎలా లాగాడో తెలియకుండానే లాగేశాడు.

గట్టుకి చేరాక రెబెక్కా ఎదురొచ్చింది. తువ్వాలు విసురుగా అతని భుజాల మీద కప్పి, పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

చిట్టియ్య మేకని కట్టేసి వచ్చి పాస్టరు పక్కన చతికిలబడ్డాడు.

"నీళ్ళు తీశాక దీనమ్మ సమాధి దగ్గరికి ఓసారి రండి అయ్యగారూ. వరదకి అది మిగిలుంటే."

రాజ్ కుమార్ తలూపాడు. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే తువ్వాల్లో సగం చిట్టియ్య భుజం మీద కప్పాడు.