లెక్కకెక్కని యాభై మీటర్లు

ముప్పై ఏళ్లుగా నేల కింద ఫైబర్ తీగలు అతికిన మనిషి ఆయన. ఆఫీసులో అందరూ అతుకుల మాస్టారనే పిలుస్తారు. అలాంటి ఆయనకి సొంత అల్లుడే కొత్త పాఠం మొదలుపెడితే ఒళ్లు మండదూ?

"మామయ్యా, ఈ పెట్టె తగిలిస్తే మీరు వేసిన తీగే నేలలో చప్పుళ్లన్నీ వింటుంది. ఎన్ని మీటర్ల దూరంలోనో కూడా చెబుతుంది."

"ఇన్ని ఫోన్లు మోసేది చాలక దానికి చెవులు కూడానా!" అని మాస్టారు ఎగతాళి చేశారు.

ఆ మధ్యాహ్నమే రెండు వీధుల అవతల మురుగు సొరంగం కూలింది. లోపల పనివాడొకడు చిక్కుకుపోయాడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. అల్లుడు పెట్టెని తీగకి తగిలించి, ల్యాప్‌టాప్ పట్టుకుని పరుగెత్తాడు, వెనకే మాస్టారు. తెరమీద గీతలు వణుకుతున్నాయి. మూడు దెబ్బలు, ఆగి మళ్లీ మూడు. బతికే ఉన్నాడు!

యంత్రం చెప్పిన దూరాన్ని మ్యాపులో కొలిచి మందుల షాపు ముందు తవ్వారు. గంటసేపు తవ్వినా మట్టే. పని ఆపి విన్నప్పుడల్లా దెబ్బలు తగ్గుతున్నాయి. మూడు రెండయ్యాయి. తర్వాత ఒక్కటే.

"మీ యంత్రం పనిచేస్తోందా అసలు?" అని తవ్వకం చేయిస్తున్న ఇంజనీరమ్మ విసుక్కుంది.

మాస్టారికి అప్పుడు వెలిగింది. తప్పు యంత్రానిది కాదు, తనది. రేపు రిపేరుకి పనికొస్తుందని అతుకు వేసే ప్రతి గుంటలో పది మీటర్ల తీగ చుట్టిపెట్టడం రివాజు. ఈ వీధి మూలమీది గుంటలో మాత్రం, కోసి మళ్లీ అతకడానికి బద్ధకించి, అరవై మీటర్లు చుట్టి తోసేశారు. కాగితంలో పదనే రాశారు, మ్యాపులోనూ అదే ఎక్కింది. యంత్రం ఆ చుట్టంతా కలిపి కొలిచింది మరి!

వచ్చే నెలే రిటైర్మెంటు. ఇప్పుడు ఒప్పుకుంటే అల్లుడి ముందు తలెక్కడ పెట్టుకోవాలి? ఛీ, అక్కడొకడి ఊపిరి పోతుంటే తన తలొకటా!

"యాభై మీటర్లు వెనక్కి జరిగి తవ్వండి! మూల గుంటలో తీగ ఎక్కువ చుట్టి, తక్కువ రాసింది నేనే!" అని అరిచారు.

అల్లుడు పార అందుకుని అందరికన్నా ముందు పరుగెత్తాడు.

టైలరు కొట్టు ముందు తవ్వుతుంటే లోపలినుంచి దగ్గు వినిపించింది. పనివాణ్ణి పైకి లాగి స్ట్రెచర్ ఎక్కించారు. కళ్లు మూసుకునే ఉన్నాడు గానీ, వేళ్లు మాత్రం దాని ఇనుప కమ్మీని కొడుతూనే ఉన్నాయి.

మాస్టారు ఆ చెయ్యి పట్టుకున్నారు.

"విన్నాం నాయనా, విన్నాం. ఇంక కొట్టకు" అంటూ భోరుమన్నారు.