కోసేసిన మూడు వందల అరవై మాటలు

ఆ పిల్లకు ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు వసపిట్ట. నోరు తెరిస్తే మూయదు, కలం పడితే దించదు. అలాంటిదాన్ని పట్టుకుని కాలేజీవాళ్లు, మిమ్మల్ని తీర్చిదిద్దిన ఒక అనుభవం రాయండి, ఐదు వందల మాటలు దాటకూడదు అన్నారు. ఒక్క మాట ఎక్కువైనా కంప్యూటర్లో దరఖాస్తు ఎర్రబడి, మొరాయించి కూర్చుంటుంది. వసపిట్ట రాసింది ఎనిమిది వందల అరవై.

రాసింది నాన్న గురించి. రేకుల కార్ఖానాలో ఇరవై ఏళ్లు సుత్తిదెబ్బల మధ్య పనిచేసి ఆయన చెవులు పోగొట్టుకున్నాడు. ఆ సంగతి బయటివాళ్లకు తెలియనివ్వడు. ఎదుటివాళ్ల పెదాలు చూస్తాడు, అర్థం కాకపోతే నవ్వి తలూపేస్తాడు. ఇంట్లో ఆయన్ని పిలవాలంటే భోజనాల బల్ల మీద రెండుసార్లు తట్టాలి. చెక్కలోంచి ఆ అదురు మోచేతికి తగిలి తలెత్తుతాడు. ఆరేళ్ల వయసులో ఆ ఉపాయం కనిపెట్టింది వసపిట్టే. వినికిడి యంత్రాలు తయారుచేసే చదువు చదవాలన్న పట్టుదల పుట్టింది కూడా ఆ బల్ల దగ్గరే. ఇది రాయనా నాన్నా అని అడిగితే ఆయన రెండు రోజులు ముభావంగా తిరిగాడు. మూడో రోజు, "రాసుకో. నీకు సీటొస్తుందంటే నా చెవులదేముందిలే" అన్నాడు.

సరే, ఇప్పుడు కోయాలి. కోతల్లో పిన్నిని మించినవాళ్లు లేరు. పత్రికలో సబ్ ఎడిటర్, పేజీకి పట్టని వార్తను పట్టేలా చేయడమే ఆవిడ ఉద్యోగం. పైగా అమ్మ పోయిన దగ్గర్నుంచి వసపిట్టకు జడ వేసింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది పిన్నే. ఆవిడ మాటంటే దీనికి వేదం.

"ఏమే, ఇంత చేంతాడు ఎవడు చదువుతాడనుకున్నావ్?" అంటూ పిన్ని కళ్లజోడు సవరించుకుంది. "ఈ బల్ల తట్టే ముక్క మొత్తం తీసేద్దాం. ఇలాంటి జాలికథలు వాళ్లకు రోజుకు వంద వస్తాయి. నీ మార్కులు, సైన్సు పోటీ బహుమతి, అవి ఉంచు."

"అదే కదా పిన్నీ అసలు సంగతి?"

"నీకు అసలు. వాళ్లకు కాదు. ఇరవై రెండేళ్లుగా ఈ పనే చేస్తున్నానమ్మా, నా మాట విను."

వసపిట్టకు ప్రాణం ఉసూరుమంది. అయినా సరేనంది. నాన్నకు మాత్రం చెప్పలేకపోయింది.

కోసిన ముక్కను పారేయడం పిన్నికి అలవాటు లేదు. 'మిగులు' అని ఒక ఫైలుంటుంది, అందులో దాస్తుంది. రేపెప్పుడైనా పేజీలో జానెడు చోటు ఖాళీ పడితే అక్కడినుంచి తెచ్చి పూడుస్తుంది. ఆ మూడు వందల అరవై మాటల్నీ అలాగే దాచింది. ఆఫీసు బుద్ధులు ఇంటికి తెచ్చావా పిన్నీ అని వసపిట్ట నవ్వింది కూడా.

పిన్ని కూతురు ముత్యం, వసపిట్ట కన్నా నెల చిన్న. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటుందని ఆ పేరు. అదీ ఆ కాలేజీకే దరఖాస్తు పెట్టింది. దాని వ్యాసం నూట నలభై మాటల దగ్గర ఆగి, ఎంత తోసినా కదల్లేదు.

ఐదు వారాలకు ఇంటర్వ్యూ పిలుపులు వచ్చాయి. ముత్యానికి వచ్చింది, వసపిట్టకు రాలేదు. ఏడుపు దిగమింగుకుని, చెల్లెల్ని మెచ్చుకోవడానికని మధ్యాహ్నం పిన్ని ఇంటికి వెళ్లింది. ముత్యం తలస్నానం చేస్తోంది. దాని వ్యాసం బల్ల మీద మంచినీళ్ల సీసా కింద ఉంది. వసపిట్ట ఊరికే చేతిలోకి తీసుకుంది.

"మా నాన్నకు వినపడదు. ఆయన్ని పిలవాలంటే మేము బల్ల మీద రెండుసార్లు తడతాం..."

అక్షరం పొల్లు పోలేదు. కామాలు కూడా తనవే. ముత్యం నాన్నకు వినపడదట! వంటింట్లో కుళాయి చుక్క రాలితే పడకగదిలోంచి కసురుకునే బాబాయికి!

కాగితం పట్టుకుని పిన్ని ముందు నిలబడింది. పిన్ని ముఖం పాలిపోయింది, కానీ నోరు పడిపోలేదు.

"నువ్వు వద్దనుకున్నదే కదే. ఊరికే పోనివ్వడమెందుకని..."

"వద్దన్నది నువ్వు. జాలికథన్నావు."

"దానికి నీలా రాయడం రాదు. నీకు మార్కులున్నాయి, ఎక్కడైనా వస్తుంది. అదేం చేస్తుంది చెప్పు? దాని తల్లిని, నేను చూడకపోతే ఎవరు చూస్తారు?"

"నాకూ నువ్వేననుకున్నా పిన్నీ."

పిన్ని కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకోసాగింది.

"ఒక్కటి చెప్పు. కోసేటప్పుడే అనుకున్నావా, తర్వాత తోచిందా?"

పిన్ని తుడుస్తూనే ఉంది. లోపల్నుంచి బాబాయి, "ఏంటే ఆ గొడవ?" అని అరిచాడు.

వసపిట్ట ఇల్లు చేరేసరికి నాన్న బల్ల దగ్గర కూర్చుని సొట్టపోయిన డబ్బా మూత సరిచేస్తున్నాడు. దారి పొడుగునా పిన్నిని తిట్టుకుంటూ వచ్చింది. ఇక్కడికొచ్చాక, సరేనన్నది తానే కదా అని గుర్తొచ్చింది. రెండుసార్లు తట్టింది. ఆయన తలెత్తాడు.

"కాలేజీవాళ్లు ఏమైనా చెప్పారా? నా సంగతి చదివారంటావా?"

"చదివారు నాన్నా."

"నచ్చిందా?"

"నచ్చింది. ఇంటర్వ్యూకు పిలిచారు."

ఎవరిని పిలిచారో కూడా చెప్పేద్దామని నోరు తెరిచింది. ఈలోగా ఆయన మూత పక్కన పడేసి లేచాడు.

"నేనూ వస్తా. నిజమేనా అని వాళ్లడిగితే, నాకు వినపడదని నేనే చెప్తా. సిగ్గేముంది అందులో?"

లోపలికి వెళ్లి, పెట్టె అడుగునున్న తెల్ల చొక్కా తీసి దులుపుకుంటూ వచ్చాడు. "ఏ రోజన్నారు?" అని అడిగి, కూతురి పెదాల వంక చూస్తూ నిలబడ్డాడు.